రోడ్డు భద్రతకు పాత స్పోర్ట్స్ కారు

రోడ్డు ప్రమాదాలు తగ్గించడానికి మన ప్రభుత్వాలు చేయని ప్రయత్నం లేదు. కెమెరాలు పెట్టారు, చలాన్లు వేశారు, చివరికి ఆ చలాన్ల మీద డిస్కౌంట్లు కూడా ఇచ్చారు. అయినా కుర్రాళ్ల వేగం తగ్గలేదు. అందుకే బాగా ఆలోచించి ఒక పథకం ప్రతిపాదిస్తున్నాను. అతివేగంగా నడిపే ప్రతివాడికీ సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు ఒకటి అంటగట్టాలి. రోజూ ఆఫీసుకి అందులోనే వెళ్లాలని షరతు పెట్టాలి. ఆర్నెల్లు తిరక్కుండా అతనంత నెమ్మదస్తుడు ఊళ్లో ఉండడు.

ఉదాహరణకి 2015 నాటి ఆడి టీటీ తీసుకోండి. మన దేశంలోకి వచ్చినప్పుడు షోరూమ్ ధరే 60 లక్షలు దాటింది. 230 హార్స్‌పవర్, సున్నా నుంచి వందకి 5.3 సెకన్లు, గరిష్ఠ వేగం 250. ఇవన్నీ కొనేముందు రాత్రిళ్లు నిద్రమానుకుని చదువుకునే అంకెలు. కొన్నాక గుర్తుండేది ఒకే ఒక్క కొలత: నేలకీ కారు అడుక్కీ మధ్య ఎడం. అది జానెడు కూడా ఉండదు.

రోడ్లకి కొలతలు, ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. గంటకి 25 కిలోమీటర్ల వేగంతో వచ్చిన బండి దాన్ని సాఫీగా దాటిపోవాలి. కూకట్‌పల్లి కాలనీల్లో స్పీడ్ బ్రేకర్లు వేసేది ఆ కాంగ్రెస్ కాదు, ఏ కాంగ్రెసూ కాదు. శ్లాబు వేయగా మిగిలిన కాంక్రీటు, ఒక తాపీ, ఎదురింటివాళ్ల అబ్బాయి బైకు మీద కోపం, ఈ మూడూ కలిస్తే తెల్లారేసరికి అదే వెలుస్తుంది. దాని ముందు 230 గుర్రాలూ తలవంచుకుని నిలబడాల్సిందే. మన యజమాని కిటికీ అద్దం దించుతాడు, పాటలు ఆపేస్తాడు, ఊపిరి బిగబట్టి ఒక చక్రం ఎక్కించి, కారుని ఐమూలగా తిప్పి, రెండోది ఎక్కిస్తాడు. కింద ‘గర్ర్’ మని వినిపిస్తే ఆ రోజుకి భోజనం సయించదు. వెనకాల ఆటోలు బారులు తీరి హారన్లు కొడుతుంటాయి. ఒక ఆటో అతను పక్కనుంచి దాటుకుంటూ లోపలికి తొంగి చూసి, “బండి ఖరాబైందా అన్నా?” అని జాలిగా అడుగుతాడు. ఇంత వినయం ఏ చలానాతో వస్తుంది?

వానాకాలంలో ఈ పథకం గుణం ఇంకా బాగా కనిపిస్తుంది. నీళ్లు నిండిన గుంత ఎంత లోతో తెలీదు కాబట్టి, సిటీ బస్సు దిగి చూపించేదాకా అతను అక్కడే ఆగుతాడు. పల్చటి టైర్లు, పైగా స్టెప్నీ ఉండదు. దాని బదులు పంక్చరు పూడ్చే ఒక గమ్ము సీసా, చిన్న పంపు ఇస్తారు. టైరు పక్కగోడ చిరిగితే ఆ గమ్ముతో కవర్లు అంటించుకోవచ్చు.

డబ్బు సంగతికొస్తే, పదేళ్లలో కారు ధర పడిపోయిన మాట నిజమే. కానీ పార్టుల ధర పడిపోలేదు. సగం ధరకి ఏనుగుని కొన్నామని మేత సగం ధరకి రాదు కదా. పాత బండికి జీరో డెప్ ఇన్సూరెన్స్ (తరుగు కోయకుండా పార్టుల ఖరీదు ఇచ్చేది) దొరకడం కూడా గగనమే కాబట్టి, విరిగిన ప్రతి ప్లాస్టిక్ ముక్కలోనూ సొంత వాటా ఉంటుంది. ఆ భయంతో ముందు బండికి అతను వదిలే దూరంలో రెండు ఆటోలు, ఒక పానీపూరీ బండి పడతాయి. పడుతున్నాయి కూడా.

కుటుంబ సౌఖ్యం మరో లాభం. కాగితాల మీద ఇది నలుగురి కారు. వెనక సీట్లో ఒక్కసారి కూర్చున్న అత్తగారు మళ్లీ ఎక్కడికీ దింపమని అడగరు. అసలు ఆమెని కిందికి దింపడానికే ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది.

ఔటర్ రింగ్ రోడ్డు ఉందిగా అంటారేమో. అక్కడ పరిమితి 120. సగం కారు అమ్మినవాడి దగ్గరే వదిలేసి వచ్చినా సరిపోయేది.

పథకంలో నాకు కనిపించిన లొసుగు ఒక్కటే. ఈ కారు ఏడాదిలో చాలా భాగం షెడ్డులోనే ఉంటుంది, “పార్టు జర్మనీ నుంచి రావాలి సార్” అనే మాట మీద. ఆ రోజుల్లో యజమాని తమ్ముడి వ్యాగన్ ఆర్ తీస్తాడు. ఇన్నాళ్లూ అణచుకున్నదంతా దాని యాక్సిలరేటర్ మీద చూపిస్తాడు. స్పీడ్ బ్రేకర్ వచ్చినట్టు కూడా గమనించడు, తల పైకప్పుకి కొట్టుకుంటే నవ్వుకుంటాడు. కాబట్టి లబ్ధిదారుడి ఇంట్లో మరో కారు ఉండరాదని నిబంధన పెట్టాలి. తమ్ముళ్లకీ, బావమరుదులకీ కూడా దీన్ని వర్తింపజేయాలి.