పో, విట్‌మన్‌ల పేర్లు చెప్పి ఒప్పుకున్న గూఢచారి

హంగేరీ కవి ఫలూది జ్యోర్జ్ మీద మీ వ్యాసం బాగుంది. (హంగేరీవాళ్లకూ మనలాగే ఇంటిపేరే ముందు.) కానీ ఆయన్ను ఖైదు చేసిన రెచ్క్ శిబిరాన్ని (హంగేరీ కమ్యూనిస్టు ప్రభుత్వం నడిపిన వెట్టిచాకిరీ శిబిరం) రెండు వాక్యాల్లో దాటేసి, 1956లో దేశం విడిచిపోవడంతో ఆయన కథ ముగించడం నాకు నచ్చలేదు.

నాజీల నీడ పడుతుంటే 1938లో దేశం వదిలి, అమెరికా సైన్యంలో పనిచేసి, 1946లో కోరి వెనక్కి వచ్చిన మనిషి ఆయన. అలాంటివాడికి కమ్యూనిస్టు ప్రభుత్వం అమెరికా గూఢచారి అని ముద్ర వేసింది! విచారణలో హింస భరించలేక ఒప్పుకుంటూ, తనను చేర్చుకున్నది కెప్టెన్ ఎడ్గార్ అలెన్ పో, మేజర్ వాల్ట్ విట్‌మన్ అని చెప్పానని ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ రెండూ పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ కవుల పేర్లు; విచారించేవాళ్లకు అనుమానమే రాలేదట. ఇంత మంచి ఘట్టాన్ని వ్యాసకర్త ఎలా వదిలేశారో!

రెచ్క్‌లో పని రాళ్ల క్వారీలో. శిక్ష ఎన్నాళ్లో చెప్పేవాళ్లు కాదు, ఇంటికి కబురు ఉండదు, కడుపునిండా తిండి ఉండదు. అలాంటి చోట రాత్రుళ్లు తోటి ఖైదీలకు సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం గురించి చెప్పేవాడు. కాగితం లేదు కాబట్టి కవితలు కట్టి వాళ్లచేత కంఠస్థం చేయించాడు. స్టాలిన్ పోయాక, 1953లో కొత్త ప్రధాని ఇమ్రె నాజ్ ప్రభుత్వం ఆ శిబిరాన్ని మూసేసింది.

1956లో దేశం విడిచాక లండన్, ఆ తర్వాత 1967 నుంచి టొరంటో. స్వదేశంలో పుస్తకాలపై నిషేధం ఉన్నా దొంగచాటుగా చదివారు. 1988లో తిరిగొచ్చి, 2006లో తొంభై ఐదేళ్ల వయసులో బుడాపెస్ట్‌లోనే కన్నుమూశాడు. ఈ ప్రవాస జీవితం మీద రెండో భాగం రాస్తే బాగుంటుంది.