మాయ కాస్తా క్యూవైక్యూ

కరీబియన్ దీవుల్లో తెరచాప పడవేసుకుని తిరిగేవాళ్లు తుఫానుకి భయపడరు. తుఫాను ముందే కబురు పెట్టి వస్తుంది. వాళ్లు హడలిపోయేది కాగితానికి. మార్టినిక్ ఫ్రాన్సుది. దాని దక్షిణాన కంటికి కనిపించే దూరంలో ఉన్న సెయింట్ లూసియా వేరే దేశం. ఇంకా కిందికి వెళ్తే సెయింట్ విన్సెంట్, ఆ తర్వాత గ్రెనడా, అవీ వేరువేరు దేశాలే. పొద్దున కాఫీ ఒక దేశంలో, మధ్యాహ్నం భోజనం ఇంకో దేశంలో. రెంటికీ మధ్య 'వెళ్లిపోయాం' అని ఒక కాగితం, 'వచ్చాం' అని ఒక కాగితం. మొదటిది లేనిదే రెండోది పుట్టదు.

మార్టినిక్‌లో ఆ మొదటి కాగితం కోసం ఏ ఆఫీసరు కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. అక్కడి కస్టమ్స్ వాళ్లు పడవలు కట్టే రేవు (మరీనా) ఆఫీసులోనో, పడవ సామాన్లమ్మే కొట్లోనో, ఒక్కోచోట కాఫీ హోటల్లోనో ఓ మూల కంప్యూటర్ పెట్టేసి వాళ్ల పని వాళ్లు చూసుకుంటారు. వివరాలు మనమే కొట్టుకుని, ప్రింటు తీసుకుని, కొట్టాయన చేత సంతకం పెట్టించి ముద్ర వేయించుకోవాలి. పావుగంట పని. ఇంత మర్యాద చేసిన ప్రభుత్వం మరి ఊరికే వదుల్తుందా? కీబోర్డు ఫ్రెంచిది పెట్టింది.

డీటీపీ సెంటర్లో పనిచేసినవాళ్లకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. తెలుగు కొట్టడానికి యాపిల్ కీబోర్డు పద్ధతికి అలవాటు పడ్డ వేళ్లు ఇన్‌స్క్రిప్ట్ అనే ఇంకో పద్ధతి మీద పడితే పెళ్లి శుభలేఖ ఏమవుతుందో వాళ్లకి తెలుసు. ఇక్కడా అంతే. మన కీబోర్డులో ఎ ఉండేచోట క్యూ ఉంటుంది, క్యూ ఉండేచోట ఎ. డబ్ల్యూ, జెడ్ ఒకదాని కుర్చీలో ఒకటి కూర్చుంటాయి. ఎమ్ తన చోటు వదిలేసి ఎల్ పక్కకి కాపురం మార్చింది, ఖాళీ అయిన ఇంట్లోకి కామా దిగింది. అంకెల వరస మరీ అన్యాయం. షిఫ్ట్ నొక్కితే తప్ప అంకె పడదు. ఊరికే కొడితే రెండుకి బదులు నెత్తిన గీతున్న ఈ, ఐదుకి బదులు బ్రాకెట్టు, ఎనిమిదికి బదులు అడ్డగీత.

పడవ పేరు 'మాయ' అనుకుందాం. దాని కెప్టెన్ కీబోర్డు వైపు చూడకుండా టైపు చేయడం వచ్చినవాడు. సర్వనాశనానికి ఆ ఒక్క విద్య చాలు.

ముందు పడవ పేరు గబగబా కొట్టేశాడు. తర్వాతి గడిలో పొడవు, 12.8 మీటర్లు. తెర మీద ఆండ్ గుర్తు, నెత్తిన గీతున్న ఈ, కోలన్, అడ్డగీత పడ్డాయి. అంకెల గడి కాబట్టి అది ఒప్పుకోక ఎర్రబడింది. కెప్టెన్ తెలివైనవాడే, కుడి పక్కన క్యాలిక్యులేటర్‌లా విడిగా ఉన్న అంకెల మీటల్ని పట్టేశాడు. వాటికి షిఫ్ట్ గొడవ లేదు. పొడవు, రిజిస్ట్రేషన్ నంబరు, పాస్‌పోర్టు నంబర్లలోని అంకెలు అన్నీ అక్కడి నుంచే కొట్టాడు. ఇక మిగిలింది ఈమెయిలు. 'ఎట్' గుర్తు కోసం అలవాటుగా షిఫ్ట్ నొక్కి రెండు మీట కొడితే నిజంగానే రెండు పడింది. మళ్లీ కొట్టాడు. ఇంకో రెండు. ఆ గుర్తు సున్నా మీట మీద దాక్కుని ఉంటుంది, స్పేస్ బార్‌కి కుడి పక్కనుండే ఆల్ట్ జీఆర్‌తో కలిపి నొక్కాలి. ఇది కనిపెట్టేసరికి ఇరవై నిమిషాలయింది, వెనకాల నలుగురు కెప్టెన్లు వరసకట్టి గొంతు సవరించుకుంటున్నారు. తల ప్రాణం తోకకొచ్చినవాడు పైనున్న పేరు గడి వైపు ఎందుకు చూస్తాడు? ఆ గడి ఏం కొట్టినా మారు మాట్లాడదు. కొట్టాయన ముద్ర వేసేది కాగితానికి గానీ స్పెల్లింగుకి కాదు గదా.

షిఫ్ట్ నొక్కి ఎమ్ కొట్టాననుకున్నాడు. పడింది ప్రశ్నార్థకం. తర్వాత క్యూ, వై, క్యూ. అలా ఆ పడవ అధికారికంగా '?క్యూవైక్యూ' పేరుతో ఫ్రాన్సు గడ్డ వదిలింది. (ఆయన పేరు విలియం కాకపోవడం అదృష్టం. అయ్యుంటే మొదట జెడ్, చివర కామా.)

మార్టినిక్‌లోని ల మరాఁ నుంచి సెయింట్ లూసియాలోని రోడ్నీ బే దాకా పాతిక నాటికల్ మైళ్లు, మంచి తూర్పుగాలిలో నాలుగైదు గంటలు. సెయింట్ లూసియా నీళ్లలోకి అడుగుపెట్టగానే ఫ్రెంచి జెండా దించి, కుడివైపు తాడుకి పసుప్పచ్చ జెండా కట్టాలి. దాని పేరు 'క్యూ'. 'మా పడవ ఆరోగ్యంగానే ఉంది, లోపలికి రానివ్వండి' అని దానర్థం. ప్రవేశం దొరికేదాకా అదే ఎగరాలి, పడవలోంచి కెప్టెన్ ఒక్కడే దిగాలి. మిగతావాళ్లు ఒడ్డున చల్లటి బీరు అమ్ముతున్న దృశ్యాన్ని దూరం నుంచి చూస్తూ కూర్చోవాలి.

కెప్టెన్ పాస్‌పోర్టులు, రిజిస్ట్రేషన్ అసలు కాగితం, సిబ్బంది పట్టిక కాపీలు, మార్టినిక్ కాగితం ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, ఒడ్డుకి చేర్చే చిన్న పడవ డింగీలోకి దిగుతాడు. డింగీలో కూర్చుంటే పంట్లాం తడిసి తీరుతుంది. అయినా కాలర్ చొక్కా వేసుకోవాలి. మిలటరీ మచ్చల నిక్కరు మాత్రం వద్దు. సెయింట్ లూసియాలో మామూలు జనం ఆ బట్టలు వేసుకోవడం చట్టరీత్యా నేరం. పనివేళలు దాటాకో సెలవు రోజునో వస్తే ఓవర్‌టైం మన జేబులోంచే. ఫిబ్రవరి 22న వచ్చి 'ఏంటీ, ఇవాళ ఓవర్‌టైమా?' అని తెల్లబోయేవాళ్లుంటారు. 1979లో వాళ్లకి స్వాతంత్ర్యం వచ్చిన రోజది.

అన్నిటికన్నా ముఖ్యమైన పత్రం ఏ సంచిలోనూ ఉండదు. గదిలోకి వెళ్లగానే 'గుడ్ మార్నింగ్' అనాలి. గదిలో ఉన్న అందరికీ, నిదానంగా. అది మానేసి ముందే 'నాకు క్లియరెన్స్ కావాలి' అన్నవాడి కాగితం అక్కడ ఎంతసేపు పడుంటుందో ఎవరూ చెప్పలేరు. మన కెప్టెన్ ఆ సంగతి తెలిసినవాడే, నిండుగా పలకరించాడు. కస్టమ్స్ ఆఫీసరమ్మ కూడా నిండుగా పలకరించి కాగితం తీసుకుంది.

"పడవ పేరు?"

"మాయ, మేడమ్."

ఆవిడ కాగితం చూసింది. కెప్టెన్‌ని చూసింది. మళ్లీ కాగితం చూసింది. "ఆ పేరున్న పడవ మార్టినిక్ నుంచి బయల్దేరలేదండీ. ఇక్కడ ప్రశ్న ఉంది, జవాబు లేదు."

కెప్టెన్ తొంగిచూశాడు. బయట జెండా క్యూ, తన వెనకాల క్యూ, పేరులో రెండు క్యూలు. ఫ్రెంచి కీబోర్డు కథ చేతులు తిప్పుతూ చెప్పడం మొదలెట్టాడు. ఆవిడ నిమ్మకు నీరెత్తినట్టు విని, రిజిస్ట్రేషన్ నంబరు ఒక్కో అంకె వేలితో సరిచూసింది. సరిపోయింది. పొడవూ సరిపోయింది. విడి అంకెల మీటలు ఆయన్ని కాపాడాయి. తప్పు పేరుని గీత గీసి కొట్టేసి, పైన సరైన పేరు రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టింది. అందరూ ఇంత దయతలుస్తారని లేదు, కొత్త ప్రింటు తెమ్మనే హక్కు వాళ్లకుంది. అక్కణ్నించి ఇమ్మిగ్రేషన్ బల్ల, ఆ తర్వాత పోర్టు బల్ల. మూడూ ఒక్క కప్పు కిందే ఉన్నా, ప్రతి బల్ల దగ్గరా గుడ్ మార్నింగ్ కొత్తగా మొదలెట్టాలి.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నారు గానీ, ఈ కెప్టెన్ దెబ్బ మర్చిపోలేదు. మళ్లీ మార్టినిక్ వెళ్లినప్పుడు ప్రతి మీటా చూసి ఒక్క వేలితో కొట్టాడు, ప్రింటు చేతికొచ్చాక కొట్టు గుమ్మంలోనే నిలబడి రెండుసార్లు చదివాడు. అక్కడున్న మూడు వారాల్లో ఫ్రెంచి కీబోర్డు ఒకటి కొనుక్కుని సాధన కూడా చేశాడు. చూడకుండా కొట్టేదాకా వచ్చింది.

సెయింట్ లూసియా వాళ్లకి ముందుగానే ఆన్‌లైన్‌లో వివరాలు పంపే సెయిల్‌క్లియర్ అనే ఏర్పాటుంది. బయల్దేరే ముందు రాత్రి పడవలో తన సొంత లాప్‌టాప్ తీసి, కళ్లు మూసుకుని పేరు కొట్టాడు. ఎమ్ కోసం వేలు ఎల్ పక్కకి వెళ్లింది, ఎ కోసం పైవరసకి.

కోలన్, క్యూ, వై, క్యూ.