మౌస్ బాణానికి వేలిగా పదోన్నతి

డెస్క్‌టాప్ వాడేవాళ్లకు కృతజ్ఞత బొత్తిగా కరువైంది. మహామహా కంపెనీలు దశాబ్దంన్నరగా ఒళ్లు హూనం చేసుకుని, వాళ్ల కంప్యూటర్‌ను ఎలాగైనా ఫోన్‌గా మార్చి ఉద్ధరిద్దామని చూస్తుంటే, వీళ్లేమో "మా మానాన మమ్మల్ని వదిలేయండి మహాప్రభో" అంటున్నారు. జేబులో ఒక ఫోన్ ఉండగా బల్ల మీద ఇంకోటి ఎందుకని ఎదురు ప్రశ్న వేస్తున్నారు. పని చేసుకోవాలట! కంప్యూటర్ ముందు కూర్చుని పని చేసుకోవాలనే ఈ మొండిపట్టే అన్ని అనర్థాలకూ మూలం.

ముందు మౌస్ సంగతి తేల్చాలి. దాని బాణం మొన ఒక్క పిక్సెల్ మీద వాలగలదు. ఎంత చిన్న గడైనా గురి తప్పదు. వేలికి అంత సూక్ష్మం చేతకాదు. తాకాల్సిన బటన్ పొడవూ వెడల్పూ కనీసం 44 పాయింట్లు ఉండాలని ఆపిల్ డిజైన్ సూచనల్లోనే రాసుంది. మరి ఇద్దరినీ సమానం చేసేదెలా? వేలిని చెక్కలేం కాబట్టి మౌస్‌ను మొద్దుబార్చాలి. అదే చేశారు. బటన్లు ఉబ్బాయి, వరసల మధ్య ఎడం పెరిగింది, ఒక్క చూపులో చదివే జాబితాను ఇప్పుడు కిందికి జరుపుకుంటూ చదువుతున్నాం. జరుపుదామంటే స్క్రోల్ బార్ కనబడదు. ఆపిల్ వాళ్ల కంప్యూటర్ మ్యాక్‌లో 2011 నాటి సిస్టమ్ లయన్, ట్రాక్‌ప్యాడ్ వాడేవాళ్ల కంట పడకుండా దాన్ని దాచేసింది. అరచేతి తెర మీద చోటు చాలక దాచారంటే సరే, 27 అంగుళాల తెర మీద కూడా ఒక సన్నటి గీత పట్టలేదన్నమాట. ఒంటిగదిలో బతికినవాడు లంకంత ఇంట్లోకి మారాక కూడా గిన్నెలు మంచం కిందే సర్దుకున్నట్టుంది.

అసలైన వీరగాథ మాత్రం విండోస్ 8ది. 1995 నుంచి తెర కింద మూలన అందరికీ కనబడుతూ ఉన్న స్టార్ట్ బటన్‌ను 2012 అక్టోబర్‌లో తీసేశారు. దాని బదులు తెరంతా రంగురంగుల టైల్స్, అంటే వేలితో తాకే యాప్ పలకలు, పరిచారు. కంప్యూటర్ ఆపాలంటే బాణాన్ని కుడివైపు మూలకు తోయాలి. అక్కడ ఏమీ ఉండదు, అయినా తోయాలి. భక్తి ఉంటే అంచులోంచి ఒక పట్టీ బయటికొస్తుంది. అందులో సెట్టింగ్స్, సెట్టింగ్స్‌లో పవర్, పవర్‌లో షట్ డౌన్. టచ్ తెర ఉన్నవాళ్లకు ఇదంతా హాయిగానే ఉండేది, ఆ మాట ఒప్పుకోవాలి. లేనివాళ్లే ఎక్కువ, అంతే తేడా. అదే ఏడాది వచ్చిన విండోస్ సర్వర్ 2012కీ ఇవే టైల్స్ తొడిగారు. సర్వర్ అంటే తాళం వేసిన గదిలో, ఇనప చట్రంలో, చాలాసార్లు సొంత తెర కూడా లేకుండా పడుండే యంత్రం. దాన్ని వేలితో నిమిరే పుణ్యాత్ముడెవరో నాకిప్పటికీ అంతుచిక్కలేదు.

జనం గగ్గోలు పెట్టారు. కంపెనీ ఆలకించింది. 2013లో 8.1తో స్టార్ట్ బటన్ తిరిగొచ్చింది. నొక్కితే మళ్లీ అవే టైల్స్! ఇందులో మోసమేమీ లేదు. బటన్ కావాలని అర్జీ పెట్టుకున్నారు, బటన్ ఇచ్చారు. దాని వెనక పాత మెనూ కూడా ఉండాలని విడిగా రాసుకోవద్దూ? ఆ రెండో అర్జీ మంజూరు కావడానికి 2015లో విండోస్ 10 దాకా పట్టింది.

ఉబుంటు అనే ఉచిత సిస్టమ్ వాళ్లయితే ఫోన్‌కూ డెస్క్‌టాప్‌కూ ఒకటే ముఖమన్నారు. 2013లో ఆ కల కోసం ఫోన్ తయారు చేస్తాం, 3.2 కోట్ల డాలర్లు ఇవ్వండని అడిగితే, 1.28 కోట్లకు మాత్రమే మాట వచ్చింది. 2017లో ఆ ప్రయత్నమే మానుకున్నారు. పాపం, వాళ్లు కనీసం అడిగి చూశారు.

ఆపిల్‌ది పెద్దమనిషి తరహా. 2010 అక్టోబర్‌లో స్టీవ్ జాబ్స్ వేదికెక్కి, నిలువు తెరను తాకుతూ కూర్చుంటే కాసేపటికి చెయ్యి పీకుతుంది, అది జరిగే పని కాదని తేల్చేశారు. అదే సభలో, ఐప్యాడ్ సుగుణాలు మ్యాక్‌కు తెస్తున్నామంటూ, యాప్‌ల బొమ్మలన్నీ తెరంతా పరిచే లాంచ్‌ప్యాడ్ చూపించారు. అంటే వేలు రాకూడదు, వేలి సామాను మాత్రం రావాలి. 2022లో మ్యాక్ సిస్టమ్ వెంచురా వచ్చేసరికి సెట్టింగ్స్ కూడా ఫోన్‌లోలాగే పొడుగాటి పట్టీ అయింది. ఆ విండోను కిందికి లాగొచ్చు, పక్కకు లాగలేం. తెర ఎంత వెడల్పుదైతేనేం, ఫోన్ మర్యాద ఫోన్‌ది.

ఇంతా చదివి, వాడేవాళ్లంతా ఒక్క మాట మీద ఉన్నారనుకునేరు. ఫోన్‌లో కాపీ చేసింది కంప్యూటర్‌లో పేస్ట్ అవుతుంటే వీళ్లకు ఎంత సంబరమో! మూత తెరవగానే ఫోన్‌లా మేలుకోవాలి. ఏ యాప్ అయినా కెమెరా ముట్టుకునే ముందు అనుమతి అడగాలి, కానీ అస్తమానం అడగకూడదు. ఫోన్ గుణాలన్నీ కావాలి, ఫోన్ ముఖం వద్దు. పైగా మొదటి నుంచీ ఫోనే పట్టుకుని పెరిగిన పిల్లలకు ఫోల్డర్‌లో ఫోల్డర్, అందులో ఇంకో ఫోల్డర్ అనే మన వంశవృక్షం ఎక్కదు. సెర్చ్‌లో నాలుగక్షరాలు కొడితే వాళ్ల పని అయిపోతుంది. వాళ్ల ముందు స్టార్ట్ మెనూ కోసం కన్నీళ్లు పెట్టుకుంటే జాలిగా చూస్తారు. వాళ్లదీ తప్పని అనలేం.

లాంచ్‌ప్యాడ్ కథ ఇంకా విచిత్రం. 2011లో వచ్చినప్పుడు "మ్యాక్‌కు ఇదేం ఖర్మ" అన్నారు. 2025లో మ్యాక్ సిస్టమ్ టాహో దాన్ని తీసేస్తే, "అయ్యో, మా లాంచ్‌ప్యాడ్" అంటూ అలాంటి యాప్‌ల కోసం వెతుక్కున్నారు. 14 ఏళ్లు తిట్టుకుంటూ కలిసి బతికాక ఆ మాత్రం మమకారం ఉంటుంది.

ఇక అవతలి గట్టున ఏం జరుగుతోందో చూడండి. 2020లో ఐప్యాడ్‌కు మౌస్‌ను పద్ధతిగా పరిచయం చేసినప్పుడు తెర మీద కదిలింది బాణం కాదు, వేలికొనలాంటి గుండ్రటి చుక్క. 2025లో ఆ చుక్క బాణమైంది. ఒకదాని మీద ఒకటి పరుచుకునే విండోలు వచ్చాయి, వాటిని మూయడానికీ పక్కన పెట్టడానికీ మూలన రంగు చుక్కలు వచ్చాయి, పైన మెనూ బార్ వచ్చింది. మ్యాక్‌దీ, ఫోన్-ఐప్యాడ్‌లదీ రెండు సిస్టమ్‌లనూ కలిపేస్తారా అని 2018లో ఆపిల్ తనకు తానే ప్రశ్న వేసుకుని, తెరనిండా "లేదు" అని చూపించింది. మాట తప్పలేదు. కలపలేదు, దీనివి దానికీ దానివి దీనికీ మార్చిందంతే. కాబట్టి మెనూ బార్, విండోలు, సూటి బాణం కావాలని పట్టుబట్టే పాతకాపులు ఇక డెస్క్‌టాప్ కంపెనీలను వేధించడం మాని, బుద్ధిగా ఒక టాబ్లెట్ కొనుక్కోవచ్చు.