టైమ్‌టేబుల్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ పాఠశాల టైమ్‌టేబుల్ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

దేశానికి కొత్త విద్యావిధానం వచ్చిందనీ, మారుతున్న సమాజానికి తగ్గట్టుగా బడులను సమూలంగా సంస్కరిస్తున్నారనీ విని, తమకేమైనా ముప్పు వాటిల్లిందేమోనన్న ఆందోళనతో ప్రధానోపాధ్యాయుల గదికి వెళ్లి చూశాను. తమరు కుర్చీ వెనుక గోడమీద యథాస్థానంలోనే ఉన్నారు. "ఆటలు" అని ఉండవలసిన గడిలో మాత్రం "డిజిటల్ నైపుణ్యాలు" అని రాసిన కాగితం ముక్క అంటించి ఉంది; దాని అంచు లేచిన చోట, అడుగున "పర్యావరణం" అన్న మరో ముక్క కనిపించింది. వెనకటి సంస్కరణ అదే కాబోలు.

ప్రమాదాలు పెరిగితే రోడ్డు భద్రతకు ఒక పీరియడు, అప్పులు పెరిగితే పొదుపుకు ఒక పీరియడు, విలువలు తగ్గాయని పెద్దలకు తోస్తే వారానికి రెండు. సమాజానికి కలిగిన ప్రతి భయానికీ తమరు ఒక గడి ఇచ్చి పంపించారు. ఉపాధ్యాయుల పోస్టులు పీరియడ్ల లెక్కన, పాఠాలు పరీక్షల లెక్కన నడిచే చోట, తమ గీతలు చెరిపే సాహసం ఏ కమిటీ చేస్తుంది?

తమ దీర్ఘాయుష్షు తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. 1911లో, నాటి జర్మన్ సామ్రాజ్యంలో పెద్ద రాజ్యమైన ప్రష్యా విద్యామంత్రి ఉన్నత పాఠశాలల్లో పీరియడును 45 నిమిషాలుగా ఖరారు చేశారు. తరువాత చక్రవర్తి పోయాడు, ప్రష్యా పటంలోనే లేకుండా పోయింది, ఆ 45 నిమిషాలు మాత్రం ఎన్నో దేశాల గోడలమీద నిక్షేపంగా ఉన్నాయి.

తమ జోలికి వచ్చినవారి గతి కూడా చూశాము. జపాన్ 2002లో పాఠ్యాంశాలను దాదాపు 30 శాతం తగ్గించి, శనివారపు బడి ఎత్తివేసి, పిల్లలు తామే ఒక విషయం ఎంచుకుని శోధించేందుకు సమయం కేటాయించింది. దేశదేశాల పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే పీసా పరీక్షలో 2003లో ర్యాంకులు జారేసరికి గగ్గోలు పుట్టి, 2011 నాటికి ప్రాథమిక పాఠశాలల్లో బోధనా గంటలను మళ్లీ పెంచింది. ఫిన్లాండ్ 2016 నుంచి, ఏడాదికి కనీసం ఒకసారి సబ్జెక్టుల గీతలు దాటి బోధించాలన్న నియమాన్ని అమలు చేస్తోంది. ఏడాదికి ఒకసారే కదా, తమరు కంగారు పడనక్కరలేదు.

మొన్న తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి లేచి, "వ్యాసం యంత్రమే రాసి పెడుతుంటే మేమెందుకు రాయాలి సార్?" అని అడిగింది. మాస్టారు సుద్దముక్క బల్లమీద పెట్టి, కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నారు. ఇంతలో గంట కొట్టారు. డస్టరుతో లెక్కల టీచరు గుమ్మంలో నిలబడే ఉన్నారు.

ఇట్లు,
తమ గడుల్లో పెరిగి పెద్దవాడైన ఒక విధేయుడు.

తా.క.: ఆ ప్రశ్న సంగతి గురువారం 11.20కి "విమర్శనాత్మక ఆలోచన" పీరియడులో చూద్దామన్నారు. ఈ నెలలో ఆ పీరియడును లెక్కల స్లిప్ టెస్టుకు ఇచ్చారట.