మహారాజశ్రీ పైలట్ ఎపిసోడ్ గారికి

మహారాజశ్రీ పైలట్ ఎపిసోడ్ గారి సముఖమునకు, కడప నుంచి హీరోయిన్ బాబాయి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

నిన్న సాయంత్రం తమరి కోఆర్డినేటర్ వాట్సాప్ అందింది. 'సార్, యాక్టింగ్ సూపర్. సీమ యాస సెట్ కాలేదు.' పక్కన దండం బొమ్మ. కాబట్టి ఆ వేషం పోయింది, నేనిప్పుడు బాబాయిని కూడా కాదు, పై వరుసలో ఆ ముక్క కొట్టేసుకోండి.

ఛానల్ వాళ్లకు చూపించడానికి పైలట్ అని తమరి పేరు పెట్టి ఒక్క ఎపిసోడ్ తీస్తారు. వాళ్లు తలూపితే సీరియల్, లేకుంటే హార్డ్ డిస్కులో సమాధి. పోయినసారి నన్నూ అట్లే పూడ్చినారు, ఏమన్నా అన్నానా? తెల్లగోడ ముందు నిలబడి కుడి ప్రొఫైల్, ఎడమ ప్రొఫైల్ వీడియో పంపమంటే పంపినా (గోడ మీది క్యాలెండర్ పీకినందుకు ఇంట్లో తిట్లు వేరే). రిజిస్ట్రేషన్ ఫీజంటూ ఫోన్‌పే నంబరు పంపిన పెద్దమనిషిని కూడా మీ ఖాతాలో రాయలేదు. హీరోయిన్ బెంగుళూరు నుంచి వచ్చి, ఇంకొకరి గొంతుతో తెలుగులో ఏడ్చినా సరేనన్నా. అమెరికాలో మీకు జనవరి నుంచి ఏప్రిల్ దాకా సీజనే ఉండేదంట. ఇక్కడ ఏడాదంతా పిలుస్తారు, ఏడాదంతా పంపేస్తారు. అదీ సరే.

కానీ యాస!

వెంకటాద్రి ఎక్కి కాచిగూడలో దిగి, కృష్ణానగర్‌లో మొహం కడుక్కుని, తమరి మెట్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నా. లోపలికి పిలిచి కాగితం చేతిలో పెట్టినారు. అన్న కూతుర్ని అన్నానికి పిలిచే సీను. "ఏం పాపా, తిన్న్యావా? రా, కూచ్చో" అన్నా. మా ఇంట్లో రోజూ అనే మాటే. కుర్చీలోని పిల్లోడు పెదవి విరిచి, "కొంచెం సీమగా కావాలండీ" అన్నాడు. ఆయనది భీమవరమంట. లేచి తానే చేసి చూపించినాడు. తొడ చరిచి, కళ్లెర్రజేసి, "ఏందే, తింటావా సస్తావా!"

అన్నం గురించి సామీ! అన్నం గురించి! కూతురి వరస పిల్లను తొడగొట్టి అన్నానికి పిలిచే మనిషిని మా ఏడు రోడ్ల కాడ ఒక్కణ్ణి చూపించు, నా ఫోటోలన్నీ చించేస్తా. స్క్రిప్టులో ఉన్నది 'బాబాయ్'. చిన్నాయన అని రాయడం రానోళ్లు నాలో సీమ తక్కువైందని తేల్చినారు.

"జయప్రకాశ్ రెడ్డి గారిలా ట్రై చేయండి" అని ఇంకోటి. ఆయనది సిరివెళ్ల. ఆ గొంతు ఆయనది, ఆయన ఆడిన నాటకాలది. నాది కడప. మేం 'వచ్చాండా' అన్నట్టు సీమంతా అనదు. ఇది మీకెవరు చెప్పాల? సురభి నాటకం 1885లో పుట్టింది మా జిల్లాలోని సురభి ఊర్లోనే. మొదట ఆడింది కీచకవధ. ఆ కీచకుడు కూడా అన్నం కాడ ఇంత అరిచుండడు.

ఏం పైలట్టూ, మేం నీకు మనుషుల్లా కనపడతామా, వేటకొడవలికి పిడిలా కనపడతామా? మా ఊర్లో కూడా కరెంటు బిల్లులు కడతాం, పిల్లల ఫీజులకు ఏడుస్తాం, కూతుర్లను బుజ్జగిస్తాం. అదంతా తీసేసి సుమోలు గాల్లోకి లేపితేనే సీమ అంటే, కడపోణ్ణి పిలవడం ఎందుకు, రైలు ఛార్జీ దండగ. ఆ ఛార్జీ కూడా నాదే.

మళ్లీ ఫోన్ చేస్తే వస్తావా అంటే, వస్తా. సిగ్గు లేదు. కెమెరా మీద ఎర్రలైటు వెలిగినప్పుడు కడుపులో పుట్టే ఆ గుబులు కడపలో ఏ అంగడిలోనూ దొరకదు. కాకపోతే ఈసారి గోదావరి పెద్దాయన వేషముంటే చెప్పు. "ఆయ్, రండి బాబూ, కూర్చోండి" అని రాత్రి నుంచే మొదలుపెట్టినా. నేర్చుకున్నది టీవీలోనే, మీ పిల్లోడు సీమ నేర్చుకున్న చోటే.