మా ఇంటి చుట్టూ ఉండబోయే ఖాళీ మీటరు గారికి

మహారాజరాజశ్రీ సెట్‌బ్యాక్ మీటరు గారి సముఖమునకు,

తిరుపతి కొర్లగుంటలో 36 అంకణాల స్థలానికి యజమానినని ఇన్నాళ్లూ భ్రమపడిన ఒక గృహస్థుడు నమస్కరించి రాయునది ఏమనగా: ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను. తలచేదేముంది లెండి, మీ క్షేమం 2017 భవన నిబంధనలే చూసుకుంటున్నాయి.

మనకు పరిచయమై నెలన్నర. పాత రేకుల ఇల్లు పడగొట్టి కొత్తిల్లు కడదామని ప్లాను గీయించాను. చూస్తే నాలుగు వైపులా గీతల మధ్యలో మీరు కాళ్లు చాపుకుని ఉన్నారు. ముందువైపు మీటరున్నర, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు ఏమీ కట్టకుండా ఖాళీగా వదలాలట. ఇంజనీరు నా పడకగదిని చూపుడువేలితో చూపించాడు. మిమ్మల్ని మాత్రం పెన్నుకు మూత పెట్టి, మరక పడకుండా చూపించాడు.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. మా స్థలం అటు 36 అడుగులు, ఇటు 36 అడుగులు. మన ఊళ్లో అంకణమంటే ఆరడుగులకు ఆరడుగులు, 36 చదరపు అడుగులు. (నెల్లూరులో అంకణం 72. నెల్లూరు సంబంధం మాట్లాడేటప్పుడు ఈ సంగతి మరిచిపోతే పెళ్లిపందిట్లో తేలుతుంది.) మీ వాటా తీసేస్తే ఇల్లు కట్టుకోవడానికి మిగిలేది 29 అడుగుల చిల్లర వెడల్పు, 28కి కాస్త తక్కువ పొడవు. అంటే 36 అంకణాల్లో 13 అంకణాలకు పైనే మీవి. మా నాయన చీటీలు పాడి, అమ్మ గాజులు కుదువపెట్టి కొన్న స్థలమిది. నాకు ఇద్దరు తమ్ముళ్లుండి ముగ్గురం పంచుకున్నా తలా పన్నెండే వచ్చేవి. మీరు ఏ తల్లి కడుపున పుట్టారో గానీ, పెద్దకొడుకు వాటా పట్టుకుపోయారు.

పదమూడు అంకణాలంటే మా లెక్కలో రెండు గదులూ ఒక వంటిల్లూ. మూడంతస్తులు వేస్తే అలాంటివి మూడు. తిరుపతిలో మూడు పోర్షన్లంటే ఎంతో మీకు తెలియదు, మీరు ఎప్పుడూ అద్దెకు ఉండలేదు కాబట్టి. ఎస్వీ యూనివర్సిటీ 1954లో వచ్చింది, మహిళా యూనివర్సిటీ 1983లో, ఐఐటీ, ఐసర్ 2015లో. స్విమ్స్, రుయా ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు, దేవస్థానంలో చిన్న ఉద్యోగులు, లాడ్జీల్లో దుప్పట్లు మార్చే పిల్లలు, అందరికీ ఈ ఊళ్లోనే ఒక గది కావాలి. దొరకదు. దొరికితే టులెట్ బోర్డు కింద ‘ఫ్యామిలీకి మాత్రమే’ అని ఉంటుంది, దాని కింద ‘శాకాహారులకు మాత్రమే’ అని ఉంటుంది. ఈ రెండూ దాటినవాడిని అడ్వాన్సు ఆపుతుంది. అందుకే మంగళం దాకా, రేణిగుంట దాకా పోయి ఉంటున్నారు. పొద్దున్నే షేర్ ఆటోలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని వస్తున్నారు. ఏడుకొండలవాడి ఊళ్లో అద్దె లేకుండా, అడ్వాన్సు లేకుండా, కులం గోత్రం ఎవరూ అడగకుండా ఉంటున్నది మీరొక్కరే.

సరే, పెద్దమనిషికి తగ్గ గౌరవం ఇవ్వాలి కదా అని, మా వీధిలో మీ బంధువులందరినీ పలకరించి వచ్చాను.

మొదటి ఇంట్లో మీరు స్నానాల గదిగా మారారు. తలుపు మీద ‘మోటారు రూము’ అని రాసి ఉంది. రెండో ఇంట్లో మెట్లయ్యారు. మూడో ఇంట్లో కింద నిఖార్సుగా మీటరు ఉంది, నేనే అడుగులు వేసి చూశాను. పైకి చూస్తే మొదటి అంతస్తు స్లాబు రెండడుగులు ముందుకొచ్చింది, రెండో అంతస్తు ఇంకాస్త. పక్కింటాయన స్లాబు కూడా అదే ఉత్సాహంతో ఇటు వచ్చింది. పైన ఉండే ఇద్దరు ఇల్లాళ్లు కిటికీలోంచి చేయి చాపి సాంబారు గిన్నె ఇచ్చిపుచ్చుకుంటారు. నాలుగో ఇంట్లో మాత్రం మీరు ప్లానులో ఉన్నట్టే ఉన్నారు. పగిలిన కమోడు, తుప్పు పట్టిన కూలరు, ఒక ఖాళీ సిలిండరు, పిల్లల్ని పెట్టిన పిల్లి. ఆ ఇంటాయన రిటైర్డు టీచరు. ‘నేను రూలు పాటించాను నాయనా’ అన్నాడు. ఆయన పడకగది కిటికీ ఎదురుగా, చేతికందే దూరంలో, పక్కింటి ఏసీ పెట్టె వేడిగాలి ఊదుతోంది. రూలు పాటించినందుకు ఆయనకు అందుతున్న గాలి అదే.

గాలీ వెలుతురూ రావాలనీ, నిప్పు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకకూడదనీ, వాన నీరు ఇంకాలనీ మిమ్మల్ని పెట్టారు. మంచి ఉద్దేశమే, కాదనను. కానీ మూడంతస్తుల గోడల మధ్య మీటరు సందులోకి సూర్యుడు రావాలంటే నడినెత్తిన నిలబడి తొంగి చూడాలి. ఫైరింజను మీలో పట్టదు, ఫైరింజను పైపు పట్టుకున్న లావుపాటి మనిషి కూడా పట్టడు. ఇక నీళ్ల సంగతి. 2021 నవంబరు వానలకు ఊరు ఊరంతా చెరువైనప్పుడు మా వీధిలో ప్రతి ఇంటి చుట్టూ మీరు ఉన్నారు, సిమెంటు పూసుకుని. ఒక్క చుక్క తాగలేదు. ఖాళీగా ఉండమన్నారు గానీ మట్టిగా ఉండమని మీకెవరూ చెప్పినట్టు లేదు.

పెద్ద భవనాల మాట వేరు. బస్టాండు దగ్గర ఆకాశాన్ని తాకే లాడ్జీ చుట్టూ ఫైరింజను తిరిగే దారి ఉండి తీరాలి. అక్కడ మీరు ఒక్క అంగుళం చిక్కినా మొదటి అర్జీ నేనే పెడతాను. నా గొడవ అంతా చిన్న స్థలాల్లో కాగితం మీద మాత్రమే బతుకుతున్న మీ గురించే.

మీకు ఇంత పలుకుబడి ఎక్కడిదా అని కూడా ఆలోచించాను. మద్రాసులో అయితే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చో చెప్పే ఎఫ్ఎస్ఐ అని ఒక లెక్క ఉంది. మన దగ్గర దానికి పెత్తనం లేదు. ఎత్తు, రోడ్డు వెడల్పు, మీరు. ఊరి ఇళ్లన్నీ మీ ముగ్గురి చేతుల్లోనే ఉన్నాయి. రోడ్డును నేను పెంచలేను, ఎత్తు పెంచితే మీరూ నాతోపాటు పెరుగుతారు.

ఇంకో చిత్రం చూశాను. మా వీధిలో ఒక్క ఇంట్లో కూడా ఈశాన్యం మూల ఎవరూ ముట్టుకోలేదు. మోటారు రూము పేరుతో స్నానాల గది కట్టినాయన కూడా తూర్పూ ఉత్తరమూ ఎక్కువ వదిలి, పడమరా దక్షిణాల్లోనే మిమ్మల్ని మింగాడు. వాస్తుకు ఆఫీసు లేదు, నోటీసు లేదు, కొలవడానికి వచ్చే మనిషి లేడు. అయినా ఆ అడుగు జాగా అలాగే ఉంది. మీకు ఇన్ని జీవోలుండి, ఇన్ని స్టాంపులుండి, మా మేస్త్రీ ముందు అరగంట నిలవలేకపోయారు. ఎందుకంటే ఈశాన్యం వదిలితే తన ఇంటికి మేలని ఆయన నమ్ముతాడు. మిమ్మల్ని వదిలితే పిల్లికి తప్ప ఎవరికి మేలో చెప్పినవాడు లేడు.

పుష్కరాలు పన్నెండేళ్లకోసారి వస్తాయి. మీ విషయంలో చేసిన పాపాలు కడుక్కునే స్నానఘట్టం అంతకన్నా తరచుగా తెరుస్తారు. దాని పేరు బీపీఎస్, ప్లానుకు విరుద్ధంగా కట్టినవాటిని క్రమబద్ధం చేసే పథకం. 2007 డిసెంబరు 31న ఒక జీవో, 2015లో ఇంకోటి, 2019లో మరోటి. రుసుం కట్టు, మునుగు, పైకి రా, నీ స్నానాల గది సక్రమం. ఇలా పదేపదే క్షమించాల్సి వస్తోందంటే తప్పు చేసేవాళ్లందరూ దుర్మార్గులై ఉండాలి, లేదా కొలతలో ఏదో తేడా ఉండాలి. మా వీధివాళ్లు దుర్మార్గులు కారు. చవితికి చందా సరిగ్గానే ఇస్తారు.

ఈ ఏర్పాటులో దెబ్బ తినేది ఒక్కడే, మా రిటైర్డు టీచరు. మిమ్మల్ని గౌరవించాడు, పోర్షను కోల్పోయాడు, ఏసీ వేడి తింటున్నాడు. నియమం ఎవరికి చుట్టం అయిందో చూడండి. ధైర్యమున్నవాడు ముందు కట్టేసి తర్వాత రుసుం కడతాడు. భయస్థుడు కట్టడమే మానేస్తాడు. నా సంగతి రెండోదయ్యేలా ఉంది.

మొన్న మా బామ్మర్ది ఫోన్ చేశాడు, హ్యూస్టన్‌లో ఉంటాడు. మీ మీద పితూరీలన్నీ విని, ‘బావా, ఇక్కడా ఇట్లాంటి గోలే ఉండేది’ అన్నాడు. అక్కడ ఒక ఇంటికి కనీసం 5,000 చదరపు అడుగుల స్థలం ఉండాలనేవాళ్లట. 1998లో ఊరి నడిబొడ్డున దాన్ని 1,400 దాకా తగ్గించారు. అంకణాల్లో చెప్పుకుంటే 139 నుంచి 39కి. (139 అంకణాల్లో మా వాళ్లు కల్యాణ మండపం కడతారు, అది వేరే విషయం.) ఒక పాత ఇల్లున్న చోట మూడు నాలుగు ఇళ్లు పక్కపక్కనే ఒదిగి లేచాయి. 2013లో మిగతా ఊరికీ అదే కొలత ఇచ్చారు. మా వీధికి వద్దు అనుకున్నవాళ్లు సంతకాలు సేకరించి కనీస కొలత పెద్దదిగానే ఉంచుకునే దారి కూడా పెట్టారు. ‘మరి ఎవరూ గొడవ చెయ్యలేదా?’ అంటే, ‘చేశారు బావా, ఇళ్లు మాత్రం వచ్చాయి’ అన్నాడు.

అంత దూరం ఎందుకు? మన గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పాత వీధుల్లోకి రండి, మీకు కాఫీ ఇప్పిస్తాను. అక్కడి పాత ఇళ్లలో గోడకు గోడ ఆనుకుని నిలబడినవి ఎన్నో. పక్కన మీరు లేరు. ఖాళీ అంతా ఇంటి నడుమ ఒక్కచోట ఉండేది, నెత్తిమీద ఆకాశంతో. వడియాలు అక్కడే ఎండేవి, తులసి అక్కడే, వాన అక్కడే పడి ఇంకేది. వెలుతురు కోసం పక్కింటి గోడను అడుక్కునే పని లేదు. మీకు జాగా ఇవ్వడానికి నాకు ఇప్పటికీ అంత బాధ లేదు. నాలుగు వైపులా చీరంచులాగా చించుకుని ఇవ్వమంటేనే బాధ. ఒక్కచోట ఎనిమిది అంకణాలు మట్టినేల ఇస్తాను, కావాలంటే అందులో వేపచెట్టు పెడతాను. పక్కింటాయనా నేనూ ఒప్పుకుని ఒకే గోడ కట్టుకుంటాం. అది నిప్పు తట్టుకునేలా ఎంత మందం ఉండాలో చెప్పండి, అంతే కడతాం. ఆయన సంతకం కూడా తెస్తాను. ఆయనతో పదేళ్లుగా మాటల్లేవు, అయినా అడుగుతాను. మీ పదమూడులో మిగిలిన అయిదు అంకణాలు ఎవరైనా నర్సమ్మకు గది అవుతాయి. స్విమ్స్‌కు నడిచి పోతుంది.

కొలతలో కాస్త వంగమని మీకే చెప్పుకుంటున్నాను, ఎందుకంటే మిమ్మల్ని రాసినవారి దగ్గరికి వెళ్తే మిమ్మల్నే చూపిస్తారు. మీ దగ్గరికొస్తే మీరు మాట్లాడరు. ఈ ఉత్తరానికీ జవాబు రాదని తెలుసు.

వచ్చే గురువారం ముగ్గు పోస్తున్నాం. తెల్లవారుజామున మంచి ముహూర్తం ఉందట. మేస్త్రీ రెండు టేపులు తెస్తానన్నాడు. ‘రెండెందుకయ్యా?’ అన్నాను. ‘ఒకటి ఫోటోకి సామీ, ఒకటి ఇంటికి’ అన్నాడు. ఏ టేపు ముందు తియ్యాలో నేనింకా చెప్పలేదు. టీచరుగారు తన కిటికీలోంచి చూస్తూ ఉంటారు.

ఇట్లు,
36లో 23 అంకణాలకు కాస్త తక్కువ యజమాని