పద్దుకెక్కని అడవి

2024 ఆగస్టు 31 సాయంత్రం ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో గాలి సుడి తిరిగింది. తెల్లారి వెళ్లి చూసినవాళ్లకు దారి కనిపించలేదు. వేళ్లతో సహా పెళ్లగిలిన మానులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఏటూరునాగారం అభయారణ్యంలో 200 హెక్టార్ల మేర 50 వేల చెట్లు పోయాయని అటవీ అధికారులు అంచనా కట్టారు. మేఘ విస్ఫోటమా, టోర్నడోనా అన్న చర్చ కొన్నాళ్లు నడిచింది. అంత నష్టం విలువ ఎంత అన్న చర్చ మాత్రం అసలు మొదలే కాలేదు.

మొదలై ఉంటే వింతైన జవాబులు వచ్చేవి. కలప డిపోలో అడిగితే ఘనపు మీటర్లలో చెబుతారు. అటవీ భూముల మళ్లింపు ఫైళ్లు చూసే అధికారిని అడిగితే నికర వర్తమాన విలువ తీస్తాడు, అంటే అడవి ముందుముందు ఇచ్చే మేలును నేటి రూపాయల్లోకి దించిన అంకె. ఆఫీసు భాషలో ఎన్‌పీవీ. 2022 జనవరిలో కేంద్రం సవరించిన రేట్ల ప్రకారం అది హెక్టారుకు 9.57 లక్షల నుంచి 15.95 లక్షల రూపాయల దాకా ఉంది. అభయారణ్యమైతే ఐదింతలు. ఆ కొలతన తాడ్వాయిలో కూలిన అడవి ఖరీదు 96 కోట్ల నుంచి 160 కోట్ల మధ్య తేలుతుంది. ఇక మూడో లెక్క. పశ్చిమ బెంగాల్‌లో రైల్వే పైవంతెనల కోసం చెట్లు కొట్టే వివాదంలో సుప్రీంకోర్టు వేసిన నిపుణుల కమిటీ ఒక చెట్టు విలువ ఏడాదికి 74,500 రూపాయలని, దాన్ని చెట్టు వయసుతో హెచ్చవేయాలని చెప్పింది. మన చెట్లకు సగటున 30 ఏళ్లే అనుకున్నా 11,175 కోట్లు! గాలి ఒక్కటే, అడవి ఒక్కటే, లెక్కల మధ్య తేడా మాత్రం తక్కువలో తక్కువ 70 రెట్లు.

పెద్ద అంకె చూసి సంబరపడాల్సిన పని లేదు. ఆ 74,500లో 45 వేలు ఒక్క ఆక్సిజన్‌కే కట్టారు. గాలిలో ఆక్సిజన్‌కు కరవు రాలేదు. పైగా ముదిరిన అడవి పగలు వదిలినదాంట్లో చాలాభాగం దాని శ్వాసకు, రాలిన ఆకు కుళ్లడానికి సరిపోతుంది. ఆసుపత్రి సిలిండర్ ధరతో అడవిని తూచడం చూడ్డానికి ఘనంగా ఉంటుంది గానీ, ఎదుటి పక్షం వకీలు ఒక్క ప్రశ్నతో కొట్టేస్తాడు. అడవి మీద ప్రేమతో వేసినా తప్పుడు లెక్క తప్పుడు లెక్కే.

చిన్న అంకె సంగతీ చూడాలి. అడవుల రక్షణ మీద ఏళ్లుగా నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 2002లో ఎన్‌పీవీ వసూలుకు ఆదేశించింది. ఆర్థికవేత్త కాంచన్ చోప్రా నేతృత్వంలోని కమిటీ పద్ధతిని సూచించాక 2008లో హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల దాకా రేట్లు ఖరారయ్యాయి. అంతకుముందు అడవి నరికితే కలప ధర, పరిహారపు మొక్కల ఖర్చు తప్ప మరొకటి కట్టించే దిక్కు లేదు కాబట్టి అది మంచి అడుగే. కానీ ఈ లెక్కలో ఒక గుట్టు ఉంది. రేపు వచ్చే లాభాన్ని నేటి రూపాయిల్లోకి దించడానికి ఒక మిత్తి రేటు ఎంచుకోవాలి. మన ఊళ్లలో మిత్తి అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అరవై ఏళ్ల తర్వాత అడవి ఇచ్చే లక్ష రూపాయల మేలుకు 4 శాతం చొప్పున వెనక్కి లెక్కగడితే ఈరోజు విలువ 9,500 రూపాయలు. 10 శాతమైతే 330 కూడా ఉండదు. నూటికి రెండు రూపాయల మిత్తికి, అంటే ఏడాదికి 24 శాతానికి లెక్కగడితే ఆ లక్ష పావలాకు దిగుతుంది. మన మనవలు తాగే నీళ్లకు విలువ లక్షా, పావలానా అన్నది ఈ ఒక్క అంకెను ఎంచుకునే వాడి చేతిలో ఉంది. ఆ ఎంపిక గణితం కాదు, విధానం. విధానమైనప్పుడు అది చట్టసభలో, గ్రామసభలో తేలాలి. ఏదో నివేదిక అనుబంధంలో కాదు.

ఇంకో లోపం అంతకన్నా పెద్దది. అడవిని గనికో, కాలువకో, రోడ్డుకో అప్పగించే రోజునే ఎన్‌పీవీ పుడుతుంది. నిలబడి ఉన్నంత కాలం అడవి విలువ సర్కారు లెక్కలో సున్నా. కాళేశ్వరం ఎత్తిపోతలకు 2017లో 3,168 హెక్టార్ల అటవీ భూమి మళ్లింపునకు అనుమతి వచ్చినప్పుడు ఆ హెక్టార్లకు ధర వచ్చింది. వాటి పక్కనే మిగిలిన అడవికి రాలేదు.

అడవి ఏదో, కాదేదో తేల్చుకోలేని సర్కారు దాని విలువేం తేలుస్తుందని పాఠకులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పాత వరంగల్ జిల్లాలోని కొంపల్లిలో 106 ఎకరాల భూమి కేసు ఏళ్ల తరబడి నలిగి, 2024 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టులో తేలింది. అది అడవేనని అటవీశాఖ అంటుంటే, కాదనే వాదనకు బలమిచ్చే అఫిడవిట్ సర్కారు వైపు నుంచే వెళ్లింది. ధర్మాసనం ఆ భూమిని అడవిగా నిలబెట్టి, రాష్ట్రానికీ ప్రైవేటు పక్షానికీ చెరి ఐదు లక్షల రూపాయల ఖర్చులు విధించి, అఫిడవిట్లు వేసిన అధికారుల మీద విచారణకు వీలిచ్చింది. అదే తీర్పులో అడవిని జాతి సంపదగా చెబుతూ కార్బన్ క్రెడిట్ల ప్రస్తావన కూడా తెచ్చింది. మన జిల్లా అడవి అంత దూరం వెళ్లి తన విలువ చెప్పించుకోవాల్సి వచ్చిందన్నమాట.

విలువ కట్టడం అసాధ్యమేమీ కాదు. నర్సంపేట దాటి పాకాలకు వెళ్లండి. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 13వ శతాబ్దం మొదట్లో కట్టిన చెరువు అది. ఎనిమిది వందల ఏళ్లుగా నిలిచింది కట్ట బలం వల్లనే కాదు. చుట్టూ గుట్టల మీది అడవి మట్టిని పట్టి ఉంచి, వాన నీటిని వడగట్టి మెల్లగా వదలబట్టి. ఆ నీటితో యాసంగి వరి పండితే ధాన్యం విలువ వ్యవసాయం పద్దులో పడుతుంది. తూములు, కాలువల ఖర్చు నీటిపారుదల పద్దులో పడుతుంది. అడవి పద్దులో ఏమీ పడదు. పూడిక ఎత్తడానికి ఎంతవుతుందో మనకు తెలియనిది కాదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను లక్ష్యంగా పెట్టుకుంది. ఘనపు మీటరు మట్టి తీతకు ఇంత అని చెరువు చెరువుకూ అంచనాలు వేశారు, బిల్లులు చెల్లించారు. చుట్టూ అడవి ఉన్న చెరువులో ఏటా ఎంత పూడిక చేరుతోంది, అడవి పోయిన చెరువులో ఎంత చేరుతోంది అని పక్కపక్కన పెట్టి కొలిస్తే, ఆ తేడాను ఈ బిల్లుల రేటుతో హెచ్చవేస్తే, అడవి చేసే ఒక్క పనికి ధర వస్తుంది. ఆక్సిజన్ కథలు అక్కర్లేదు. ఏ వకీలూ కొట్టేయలేని లెక్క ఇది.

తునికాకు సంగతి తీసుకోండి. వేసవి మొదలు కాగానే తాడ్వాయి, మంగపేట, మహదేవపూర్ అడవుల్లో ఇంటిల్లిపాదీ తెల్లారక ముందే బయలుదేరతారు. ఎండ ముదిరేలోపు కోసుకొచ్చి, ఇంటి ముందు నీడన కూర్చుని యాభై ఆకులకొక కట్ట చొప్పున కట్టి, పొద్దుగూకే వేళకు కల్లానికి మోస్తారు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. కల్లం దగ్గర ఆకు లెక్క రాసుకునే కల్లేదారు పుస్తకంలో పడేది కట్టల సంఖ్య ఒక్కటే. కాయలు కాసిన కాళ్లూ, ఎలుగుబంటి భయమూ పుస్తకానికెక్కవు. ఆకు అమ్మకం మీద మిగిలిన నికర ఆదాయం బోనస్‌గా సేకరించినవాళ్లకే రావాలి. అది ఏళ్ల తరబడి ఆగిన సందర్భాలున్నాయి. ఇక తెల్లవారుజామున రాలిన ఇప్పపువ్వు, సారపప్పు, తపసి జిగురు, వర్షాకాలపు పుట్టగొడుగులు సంతకు చేరితే ఎంతోకొంత లెక్క ఉంటుంది. వండుకు తింటే రాష్ట్ర స్థూలోత్పత్తిలో వాటి ఊసే ఉండదు. అడవి ఒక హెక్టారు తగ్గినప్పుడు ఆ ఇంటి పొయ్యి మీద ఏం తగ్గిందో ఎన్‌పీవీ పట్టికలో ఏ గడిలోనూ కనిపించదు. పట్టిక పట్టించుకునేది అడవి రకం, చెట్ల సాంద్రత మాత్రమే. ఆ అడవి ఎవరి బతుకు అని అది అడగదు.

కట్టించుకున్న డబ్బయినా ఎటు పోతోంది? 2016 చట్టం కింద పరిహార వనీకరణ నిధిలో 90 శాతం రాష్ట్రానిదే. 2019 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు బదిలీ చేసినప్పుడు తెలంగాణ వాటా 3,110 కోట్లు. అడవి ఒక చోట పోతే మొక్కలు ఇంకోచోట లేస్తాయి. ఉపగ్రహం పైనుంచి చూసి హెక్టారు నేలలో పది శాతం కొమ్మల నీడ కనిపిస్తే అడవి కిందే లెక్క వేస్తుంది. అది జామాయిల్ తోటైనా, మామిడి తోటైనా దానికి ఒకటే. జామాయిల్ కింద ఇప్పపువ్వు రాలదని ఉపగ్రహానికి తెలియకపోవచ్చు, నివేదిక రాసేవాళ్లకు తెలిసి ఉండాలి. పోయిన అడవిని నమ్ముకున్న గూడేనికి ఈ నిధిలో హక్కుగా వచ్చే వాటా ఏమిటో చట్టం చెప్పలేదు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యం వాళ్లదే అంటోంది. యజమానికి పరిహారం లేని లావాదేవీ మరెక్కడైనా చెల్లుతుందా?

ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం 2021లోనే ప్రకృతి ఇచ్చే మేలును పద్దుల్లో రాసే పర్యావరణ ఖాతాల పద్ధతిని ఆమోదించింది. మన కేంద్ర గణాంక శాఖ కూడా ఆ బాటలో ఖాతాలు ప్రచురిస్తోంది. అవి జిల్లాకు, మండలానికి దిగి రావాలి. మనుషులు లేరని సాకు చెప్పనక్కర్లేదు. వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. ములుగులో సమ్మక్క–సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. అటవీ కళాశాల కూడా ములుగులోనే ఉంది, కాకపోతే అది సిద్దిపేట జిల్లా ములుగు. పేర్లు కలిసినట్టు పనులూ కలిస్తే బాగుండు. పాకాలలో పూడిక కొలిచే కుర్రాడు, తాడ్వాయిలో కల్లం పుస్తకాలు తిరగేసే అమ్మాయి, కూలిన 200 హెక్టార్లలో ఏ విత్తనం ముందు మొలిచిందో ఏటేటా రాసుకునే ఇంకొకరు, ఒక్క జట్టుగా పదేళ్లు పనిచేయడానికి అయ్యే ఖర్చు ఆ 3,110 కోట్ల మీద ఒక ఏడాది వడ్డీలో మూలకు కూడా రాదు.

ములుగు ఒక్క జిల్లాతో మొదలుపెట్టమని ప్రభుత్వాన్ని కోరుతున్నాం. వచ్చే బడ్జెట్ పత్రాలతో పాటు ఆ జిల్లా అడవి ఖాతా ఒకటి సభ ముందుంచాలి. ఈ ఏడాది ఎంత నీరు నిలిపింది, ఎంత మట్టి ఆపింది, ఎన్ని ఇళ్లకు ఎంత తిండి, ఎంత రాబడి ఇచ్చింది, ఎంత పోయింది అన్నవన్నీ అందులో ఉండాలి. ఏ మిత్తి రేటు వాడారో మొదటి పేజీలోనే రాయాలి. అదే ఖాతాను తునికాకు సీజన్‌కు ముందు గ్రామసభల్లో తెలుగులోనూ, కోయలోనూ చదివి వినిపించాలి. కల్లం దగ్గర ఒక్క కట్ట తక్కువ రాసినా పట్టుకునే మనుషులు వాళ్లు. ఇందులో తప్పులుంటే అక్కడే దొరుకుతాయి.